తేజ వేరు, తేజ తాలు వేరు: మిర్చి రేట్ల మెసేజీల్లో ఒక మాట వెతకడం, ప్రాజెక్టు డైరీ

1వ రోజు, సోమవారం రాత్రి

మా బావది గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. సీజన్ మొదలైందంటే మధ్యాహ్నం పన్నెండు నుంచి ఆయన ఫోన్ ఆగదు, ఫిరంగిపురం నుంచి ఒకళ్ళు, ప్రత్తిపాడు నుంచి ఒకళ్ళు, ఎవరు చేసినా ఒకటే అడుగుతారు, తేజ ఎంత పలికింది, 334 ఎట్టా ఉంది, బాడిగ ఎవరన్నా అడుగుతున్నారా అని. ఇవన్నీ మిర్చి రకాల పేర్లే. ఆ రేట్లేమో మూడు నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో మెసేజీలుగా వస్తుంటాయి, ఒక్కోటి ముప్పై నలభై లైన్లు. బావ ఒక చేత్తో కాటా చీటీ పట్టుకుని ఇంకో చేత్తో ఫోన్ పైకీ కిందకీ జరుపుతూ వెతికి చెప్తుంటాడు. మొన్న ఆదివారం అన్నానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "ఒరేయ్, కంప్యూటర్ చదివావుగా, రైతు తేజ అంటే తేజ లైన్లు మాత్రమే తీసి పంపేటట్టు ఏదన్నా చెయ్యలేవా" అన్నాడు. చేస్తా బావా అన్నాను. నిజంగా చెయ్యాలనిపించింది, ఎందుకంటే ఆ ఫోన్ చేసేవాళ్ళల్లో మా మేడికొండూరు బాబాయ్ కూడా ఉన్నాడు.

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చాక కూర్చున్నా. ఒక గ్రూపు తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి, ఫొటోలు వద్దని పెట్టి, టెక్స్ట్ ఫైల్ నాకు నేనే మెయిల్ చేసుకున్నా. తర్వాత పైథాన్, ప్రోగ్రాంలు రాసే భాష. ఒక పెద్ద మాటల వరసలో చిన్న ముక్క ఉందా లేదా అని అడగడానికి పైథాన్‌లో ఉన్నంత తేలిక నేను ఇంకెక్కడా చూడలేదు, "తేజ" ఇన్ లైన్ అని రాస్తే చాలు, ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. ఫైల్ తెరవడం, లైన్ లైన్‌గా చదవడం, తేజ ఉంటే ప్రింట్ చెయ్యడం, మొత్తం నాలుగు లైన్ల ప్రోగ్రాం. పదకొండింటికల్లా తేజ లైన్లన్నీ స్క్రీన్ మీద వరసగా పడ్డాయి. చాలా సంతోషం వేసింది, బావకి ఫొటో తీసి పంపా.

2వ రోజు

లైన్ మొత్తం ఎందుకు, రకం పేరు తర్వాత వచ్చే రేటు ముక్క ఒక్కటీ తీద్దామనుకున్నా. దానికి తేజ అనేది లైన్లో ఎన్నో స్థానంలో ఉందో తెలియాలి, అందుకని ఇన్ తీసేసి ఫైండ్ పెట్టా. పెట్టగానే అంతా తిరగబడింది. "తేజ డీలక్స్" (డీలక్స్ అంటే మేలైన కాయ) అని మొదలయ్యే లైన్లన్నీ మాయం, తేజ అన్న మాటే లేని గుడ్ మార్నింగ్ మెసేజీలన్నీ ప్రత్యక్షం. గంటసేపు ఫైల్ పాడైందేమో అనుకున్నా.

కారణం ఇది. ఫైండ్ ఉందా లేదా చెప్పదు, ఎక్కడుందో చెప్తుంది. లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి మాట లైన్ మొట్టమొదట్లో ఉంటే 0 ఇస్తుంది, అసలు లేకపోతే మైనస్ 1 ఇస్తుంది. నేను ఇఫ్ లైన్ డాట్ ఫైండ్ అని నేరుగా రాశా. ఇఫ్ దృష్టిలో 0 అంటే ఫాల్స్, సున్నా కాని ఏ అంకైనా ట్రూ, మైనస్ 1 కూడా ట్రూనే. కాబట్టి మొదట్లో ఉన్నది లేనట్టు, అసలు లేనిది ఉన్నట్టు. మధ్యలో ఎక్కడో ఉన్నవి మాత్రం సరిగ్గానే వస్తాయి, అదే దీంట్లో ప్రమాదం, సగం సరిగ్గా వస్తుంది కాబట్టి తప్పు వెంటనే కనపడదు.

ఇది నాకు కొత్త కాదు, గుర్తుకురావాల్సింది. నేను పనిచేసే చోట పాత బిల్లింగ్ ప్రోగ్రాం పీహెచ్‌పీలో ఉంది, అందులో కస్టమర్ పేరు వెతికితే పేరు మొదటి మాటతో వెతికినప్పుడు దొరకదు, రెండో మాటతో వెతికితే దొరుకుతుంది, రెండేళ్ళు అందరూ రెండో మాటే టైప్ చేస్తూ కాలం గడిపారు. అక్కడ వాడింది స్ట్ర్‌పాస్, అది మొదట్లో ఉంటే 0, లేకపోతే ఫాల్స్ ఇస్తుంది, రెంటికీ తేడా చూడాలంటే మూడు ఈక్వల్ గుర్తులు పెట్టి పోల్చాలి, పెట్టలేదు. ఉందా లేదా అని సూటిగా అడిగే స్ట్ర్ కంటైన్స్ పీహెచ్‌పీకి 8.0తో 2020లో గానీ రాలేదు. జావాస్క్రిప్ట్‌లో కూడా ఇంతే, ముందు ఇండెక్స్‌ఆఫ్ వాడేవాళ్ళు, లేకపోతే మైనస్ 1, ఇన్‌క్లూడ్స్ అనేది 2015లో వచ్చింది. ఇన్ని భాషలు ఇన్నేళ్ళ తర్వాత ఆ సూటి ప్రశ్నని విడిగా చేర్చాయంటే ఎంతమంది ఈ గుంటలో పడుంటారో మరి.

నేను పెట్టుకున్న పద్ధతి: ఉందా అని అడగాలంటే ఇన్. ఎక్కడ అని అడగాలంటే ఫైండ్, వచ్చిన అంకెని మైనస్ 1తో పోల్చి తీరాలి. పైథాన్‌లో ఇండెక్స్ అని ఇంకోటి ఉంది, అది మాట లేకపోతే వాల్యూఎర్రర్ అని అక్కడే ఆగిపోతుంది, కచ్చితంగా ఉండాల్సిన చోట అదే మంచిది.

3వ రోజు

తక్కువ పని. రకాల పేర్లన్నీ విడిగా ఒక ఫైల్లో పెట్టా, తేజ, బాడిగ, 334, 341, 273, ఆర్మూర్, లైన్‌కి ఒకటి. రన్ చేస్తే ప్రతి లైనూ ప్రతి రైతుకీ వెళ్ళేటట్టు వచ్చింది. ఫైల్ చివర ఒక ఖాళీ లైన్ మిగిలిపోయింది, స్ట్రింగ్ అంటే అక్షరాల వరస, ఖాళీ స్ట్రింగ్ ఏ స్ట్రింగ్‌లోనైనా ఉన్నట్టే లెక్క, ఇన్ ట్రూ ఇస్తుంది. లెక్క ప్రకారం అది న్యాయమే, ఏ అక్షరమూ లేని ముక్క ఎక్కడైనా ఇముడుతుంది, జావా అయినా జావాస్క్రిప్ట్ అయినా ఇదే జవాబు. అటూ ఇటూ ఉన్న ఖాళీలు స్ట్రిప్‌తో తీసేసి, ఏమీ మిగలకపోతే వదిలెయ్ అని ఒక లైన్ పెట్టా. సరిపోయింది.

5వ రోజు, శుక్రవారం

ఇవాళ జరిగింది రాయాలంటే బాధగా ఉంది, అయినా రాస్తా.

నిన్న సాయంత్రం బాబాయ్ నంబరు లిస్టులో చేర్చి, మొదటి మెసేజీ ఆయనకే పంపా. బాబాయ్ కళ్ళంలో ఆరబెట్టిన తేజ ఇరవై టిక్కీలు, అంటే బస్తాలు, కట్టించి ఇవాళ తెల్లారి యార్డుకి తేవడానికి ఆటో మాట్లాడుకున్నాడు. నా మెసేజీలో తేజ రేటు చూసి, ఇంత పడిపోయిందా అని ఆటో వద్దనేశాడు, ఇచ్చిన అడ్వాన్సు పోయింది. పొద్దున బావకి ఫోన్ చేసి "ఏమయ్యా, తేజ అంత పడిపోయిందేంటి" అంటే బావకి అర్థం కాలా, "ఎవరు చెప్పారు బాబాయ్, నిన్నటి కంటే బాగానే పలుకుతోందిగా" అన్నాడు.

నా ప్రోగ్రాం తీసి పంపింది తేజ రేటు కాదు, తేజ తాలు రేటు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, మంచి కాయ రేటు కంటే బాగా తక్కువ పలుకుతుంది. "తేజ తాలు" అనే లైన్లో "తేజ" ఉందా అని అడిగితే ఉంది, నిజమే, ఉంది. ఇన్ తప్పు చెప్పలేదు, నేను తప్పు ప్రశ్న అడిగా. నేను అడగాల్సింది ఈ లైన్ దేని గురించి అని, అడిగిందేమో ఈ అక్షరాలు వరసగా ఇందులో ఉన్నాయా అని.

సాయంత్రం మేడికొండూరు వెళ్ళి బాబాయ్‌కి చెప్పా, తప్పు నాది అని. "పోనీలేరా, సరుకు ఎక్కడికి పోద్ది, సోమారం తీసుకెళ్తా" అన్నాడు. పిన్ని కాఫీ ఇచ్చింది. తిరిగొచ్చేటప్పుడు బండి మీద అంతా ఇదే ఆలోచన.

6వ రోజు, శనివారం, యార్డు సెలవు

బావ ఖాళీగా ఉంటాడు కాబట్టి లాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికే వెళ్ళిపోయా. ఇద్దరం కూర్చుని 200 లైన్లు ప్రింట్ తీసుకుని, ఒక్కో లైన్ పక్కన అది ఏ రకమో బావ చేత్తో పెన్సిల్‌తో రాయించా, తర్వాత ప్రోగ్రాం ఇచ్చింది పక్కన పెట్టి పోల్చా. ఇది మొదటి రోజే చెయ్యాల్సిన పని. తప్పులు ఎన్ని రకాలుగా వచ్చాయో చూస్తే నాకే ఆశ్చర్యం.

ఒకటి, ఏసీ. గుంటూరులో కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు, నిరుడు పెట్టిన సరుకు ఏసీ, ఈ ఏడు కొత్తగా కోసింది నాన్ ఏసీ, రేట్లు విడివిడిగా చెప్తారు. "నాన్ ఏసీ" లో "ఏసీ" ఉంది. అంటే ఒక మాట, దాని వ్యతిరేకం, రెండూ ఒకే పరీక్షలో పాసవుతున్నాయి.

రెండు, అంకెలు. ఒక లైన్లో లాట్ నంబరు 3341 అని ఉంది. అందులో 334 ఉంది, ఒక్క అంకె పక్కకి జరిగితే 341 కూడా ఉంది, ఒకటి మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి, రెండూ మిర్చి రకాల పేర్లే, రెండు రకాల రైతులకీ ఆ లైన్ వెళ్ళిపోయింది. మాది బ్రాడీపేట, అక్కడ అడ్రసులే లైను నంబరు గీత అడ్డరోడ్డు నంబరుగా ఉంటాయి, 4/1 అని వెతికితే 4/14 కూడా వస్తుందని కొరియర్ కుర్రాళ్ళ యాప్‌లో చూస్తూనే ఉంటా, నా ప్రోగ్రాంలోకి అదే వస్తుందని అనుకోలేదు.

మూడు, తాలు. "పాత ఖాతాలు సెటిల్ చేసుకోండి" అనే మెసేజీ తాలు కింద పడింది. ఖాతాలు చివర తాలు. మొత్తాలు, గీతాలు, జీతాలు, తెలుగులో తం అని, తా అని ముగిసే మాటలకి బహువచనం చేస్తే అన్నిటి చివరా తాలు ఉంటుంది. ఇది చూసి బావ చాలాసేపు నవ్వాడు, "జీతాలన్నీ తాలేనంట్రా" అని.

నాలుగు, బాడిగ. ఇది పూర్తిగా నా తెలివితక్కువ కాదు గానీ నా తొందర. కర్ణాటకలో బ్యాడగి ఊరి పేరు మీద వచ్చిన రకం, మనవాళ్ళు ఒక్కొక్కళ్ళు ఒక్కోలా రాస్తారు, బాడిగ, బ్యాడిగ, బాడిగి, బ్యాడిగి. అన్నిట్లో ఉమ్మడిగా ఉన్న "డిగ" పెట్టి వెతికితే నాలుగూ దొరుకుతాయి గదా అని పెట్టా. దొరికాయి. వాటితోపాటు "రైతు అడిగాడు", "పార్టీ వాళ్ళు అడిగిన సరుకు", "ఎవరన్నా అడిగితే చెప్పండి", అడగడం అనే మాట ఉన్న సగం మెసేజీలు కూడా బాడిగలో చేరాయి. ముక్క ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ చోట్ల అనుకోకుండా దొరుకుతుంది. నాలుగు రూపాలూ నాలుగు పేర్లుగా రాసుకోవడమే పద్ధతి, టైపింగ్ బద్ధకం పనికిరాదు.

అయిదోది, గ్రూపులో తేజ అని మొదలయ్యే పేరున్న కుర్రాడొకడు ఉన్నాడు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో ప్రతి మెసేజీ మొదటి లైన్ ముందు పంపినవాడి పేరు ఉంటుంది. ఆ అబ్బాయి ఏం పంపినా, భోజనం చేశారా అని పంపినా, అది తేజ రేటే. పేరు, దాని తర్వాత కోలన్ వరకు కోసేసి మిగతాదాంట్లో వెతకాలి, కోశా.

ఏసీకీ తాలుకీ చేసిన ఉపాయం: పేర్లని పొడుగు వరసలో పెట్టడం. ముందు "తేజ తాలు" కోసం వెతుకు, దొరికితే ఆ ముక్కని లైన్లోంచి తీసేసి దాని చోట ఒక నిలువు గీత పెట్టు, అప్పుడు "తేజ" కోసం వెతుకు. "నాన్ ఏసీ" ముందు, "ఏసీ" తర్వాత. నిలువు గీత ఎందుకంటే, ముక్కని ఊరికే తీసేస్తే అటూ ఇటూ ఉన్న అక్షరాలు దగ్గరికొచ్చి అతుక్కుని లేని మాట పుట్టొచ్చు.

రాత్రి పదింటికి ఇంటికొచ్చా. తప్పులు చాలా తగ్గాయి, పోలేదు.

7వ రోజు, ఆదివారం, పొద్దున్నించి ఇదే

మాట విడిగా ఉందా, వేరే మాట కడుపులో ఉందా అని తేల్చడానికి అందరూ చెప్పేది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే నమూనా రాసి వెతికే పద్ధతి, అందులో బ్యాక్‌స్లాష్ బీ పెడితే మాట అంచు అని అర్థం. అటొక బ్యాక్‌స్లాష్ బీ, ఇటొక బ్యాక్‌స్లాష్ బీ, మధ్యలో తాలు. ఖాతాలు పోవాలి, తాలు మిగలాలి. రెండూ పోయాయి. ఒక్క తాలు లైన్ కూడా దొరకలేదు. తేజ మాత్రం దొరుకుతోంది. మిర్చి దొరకదు, ఆర్మూర్ దొరకదు, బాడిగ దొరుకుతుంది.

దీని మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నా, అన్నానికి పిలిచినా లేవలేదు. అర్థమయ్యాక మాత్రం తెలుగు రాత గురించి నాకు తెలియని విషయం ఒకటి చేతికి దొరికింది. కంప్యూటర్‌కి తేజ అంటే మనం చూసే రెండక్షరాలు కాదు, మూడు సంకేతాలు: త, దాని పైన ఏత్వం, జ. తాలు అంటే నాలుగు: త, దీర్ఘం, ల, కొమ్ము. ఈ వెతుకులాట చేసేది పైథాన్‌తో పాటు వచ్చే రీ మాడ్యూల్, అది త, ల, జ లాంటి వాటిని అక్షరాలని ఒప్పుకుంటుంది గానీ గుణింతం గుర్తుల్ని, పొల్లుని అక్షరాలుగా లెక్కపెట్టదు, వాటిని కామా చుక్క కింద జమకడుతుంది. మాట అంచు అంటే ఒకపక్క అక్షరం ఇంకోపక్క అక్షరం కానిది ఉండాలి. తాలు చివర కొమ్ము, దాని పక్కన ఖాళీ, రెండూ అక్షరాలు కానివే, కాబట్టి అక్కడ అంచే లేదు. తేజ చివర జ, తలకట్టుకి విడిగా సంకేతం లేదు, కాబట్టి అంచు ఉంది. బాడిగ కూడా అంతే. మన మాటల్లో చాలావాటి చివర ఇలా గుణింతం గుర్తే ఉంటుంది, అందుకని మనకి ఈ బ్యాక్‌స్లాష్ బీ ఎక్కువ ఎదురు తిరుగుతుంది. ఇంగ్లీషు కోసం పుట్టిన పరీక్ష ఇది. తెలుగులో ఏదన్నా వెతికేవాళ్ళు దయచేసి దీన్ని చూడకుండా నమ్మొద్దు.

అంచు నేనే రాసుకున్నా. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే పట్టిక యూనికోడ్, దాంట్లో తెలుగుకి 128 స్థానాల గడి ఒకటి కేటాయించారు, గుణింతం గుర్తులు, సున్నా, పొల్లు అన్నీ అందులోనే. దొరికిన ముక్కకి సరిగ్గా ముందున్న సంకేతం ఆ గడిలోది అయితే అది వేరే మాట కడుపులో ఉన్నట్టు, వదిలెయ్. ఖాతాలులో తాలు ముందు దీర్ఘం ఉంది, పోయింది. అడిగాడులో బాడిగ ఎటూ లేదు.

ముక్క తర్వాత కూడా ఇదే పరీక్ష పెడదామని పెట్టి తీసేశా. తెలుగులో మాట అక్కడితో ఆగదు, తేజకి, తేజలో, తేజది, బాడిగకు అని విభక్తి దానికే అతుక్కుంటుంది, వెనక అంచు గట్టిగా పెడితే అవన్నీ పోతాయి. అందుకని మాటలకి ముందు అంచు ఒక్కటే, అంకెలకి మాత్రం రెండు వైపులా, అంటే 334కి ముందు గానీ వెనక గానీ ఇంకో అంకె ఉండకూడదు. 334కి అని రాసినా దొరుకుతుంది, 3341 దొరకదు.

రాత్రి భోంచేశాక మళ్ళీ 200 లైన్లు నడిపా. తేడా వచ్చినవి ఆరు.

ఆ ఆరింటిలో నాలుగు నన్ను నిద్రపోనివ్వలేదు. "నాన్ ఏసీ" అని కళ్ళెదురుగా ఉంది, ప్రోగ్రాం లేదంటోంది, ఇన్ ఫాల్స్ అంటోంది. నేను టైప్ చేసింది, వాళ్ళు టైప్ చేసింది పక్కపక్కన పెడితే చుక్క తేడా లేదు. చివరికి లెన్ అడిగా, అంటే ఎన్ని సంకేతాలున్నాయని. నాది 8, వాళ్ళది 9. ఒకటి ఎక్కువ ఎక్కడిదా అని ఒక్కో సంకేతం నంబరు ప్రింట్ చేయిస్తే, నాన్ చివరి పొల్లు తర్వాత 200సి అనే నంబరు. కంటికి కనపడని సంకేతం అది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. హల్లు పొల్లుగానే ఉండాలి, పక్క అక్షరంతో కలిసి ఒత్తు కాకూడదు అని చెప్పడానికి వాడతారు, సాఫ్ట్‌వేర్ లాంటి మాట రాసేటప్పుడు అది లేకపోతే వ కూడా ఒత్తుగా మారి ముందు అక్షరం కిందకి పోతుంది. ఉపయోగపడేదే. కానీ కొన్ని కీబోర్డులు అవసరం లేని చోట కూడా పెడతాయి, కొన్ని పెట్టవు, రాసినవాడికి గానీ చదివినవాడికి గానీ తెలియదు. వెతికే ముందు అటు లైన్లోంచి ఇటు పేరులోంచి రెండిట్లోనూ దాన్ని తీసేస్తే సరిపోయింది. ఒకదాంట్లోనే తీస్తే మళ్ళీ మొదటికే.

ఇదే ఊపులో ఇంకోటి కూడా పెట్టా, ఐత్వం. మైలవరంలో మై ఉంది చూడండి, ఆ ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండు సంకేతాలుగా కూడా రాయొచ్చు, చూడటానికి ఒకటే. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్లో నార్మలైజ్ ఉంది, ఎన్ఎఫ్‌సీ అని పెడితే రెండూ ఒకే రూపానికి వస్తాయి. కనపడని నాన్ జాయినర్‌ని మాత్రం అది తీయదు, అది మనమే తీసుకోవాలి. ఇంగ్లీషు అక్షరాల్లో తేజ అని రాసేవాళ్ళ కోసం అన్నిటినీ చిన్నక్షరాలు చేసే లోయర్ కూడా పెట్టా, ఒకడు అన్నీ పెద్దక్షరాలు, ఒకడు అన్నీ చిన్నవి. తెలుగుకి ఆ పెద్దా చిన్నా బాధ లేదు.

8వ రోజు, సోమవారం

బాబాయ్ ఇవాళ రాలేదు, ఎవరిదో పెళ్ళి ఉందంట, రేపొస్తాడు.

బావకి వేగం మీద సందేహం వచ్చింది, నాలుగేళ్ళ మెసేజీలు వేస్తే ఆగిపోతుందేమో అని. వేసి చూశా, నేను గ్లాసు మంచినీళ్ళు తాగి వచ్చేలోపు అయిపోయింది. దీని వెనక చాలామంది పని ఉంది. మొద్దుగా చేస్తే ప్రతి స్థానంలో ముక్కని ఆనించి అక్షరం అక్షరం పోల్చుకుంటూ పోవాలి. 1977లో రెండు మంచి దారులు అచ్చయ్యాయి, క్నూత్, మారిస్, ప్రాట్ ముగ్గురిదీ ఒకటి, బోయర్, మూర్ ఇద్దరిదీ ఒకటి. నాకు బోయర్, మూర్‌లది ఎక్కువ ఇష్టం, వాళ్ళు ముక్కని చివరి నుంచి పోలుస్తారు. ఆర్మూర్ అంటే ఏడు సంకేతాలు, లైన్లో ఏడో చోట చూస్తే అక్కడ 5 అనే అంకె ఉందనుకోండి, ఆర్మూర్‌లో 5 అనేదే లేదు, కాబట్టి ఆ ఏడు చోట్లలో మొదలయ్యే అవకాశమే లేదు, ఒక్క చూపుతో ఏడు దాటేయొచ్చు. వెతికే ముక్క పొడుగయ్యేకొద్దీ పని తగ్గుతుంది. బావ చీటీల కట్టలో పేరు వెతికేటప్పుడు చూశా, ఆయన కన్ను కూడా ప్రతి అక్షరం చదవదు, గెంతుకుంటూ పోతుంది.

ఇప్పుడు నావి ఇరవై పేర్లే కాబట్టి ఒక్కోదానికి ఒక్కోసారి ఇన్ అడిగినా బాధ లేదు. వందలైతే లైన్‌ని ఒక్కసారే చదివి అన్ని పేర్లూ ఒకేసారి పట్టుకునే పద్ధతి 1975లోనే ఆహో, కొరాసిక్ ఇచ్చారు. అవసరం పడినప్పుడు చూద్దాం.

9వ రోజు, మంగళవారం

పొద్దున ఎనిమిదింటికి యార్డులోనే ఉన్నా, ఆఫీసుకి ఒక పూట సెలవు పెట్టా. కళ్ళు మండుతున్నాయి, ఘాటుకి ఆగకుండా తుమ్ములు, చేతిరుమాలు కట్టుకుని బావ గల్లా పక్కన లాప్‌టాప్ పెట్టుకున్నా. తాజా మెసేజీలు వస్తుంటే వచ్చినట్టు నడిపా.

పదిన్నరకి మళ్ళీ తాలు దెబ్బ. ఈసారి "తేజా తాలు" అని దీర్ఘంతో రాశారు. "తేజ తాలు" కి అది సరిపోలలేదు, "తేజ" కి సరిపోయింది, ఎందుకంటే తేజాలో మొదటి మూడు సంకేతాలు తేజవే, వెనక అంచు నేనే తీసేశా గదా. శుక్రవారం బయటపడ్డ తప్పు వేరే దారిలో వచ్చి మళ్ళీ నిలబడింది. ఈసారి పంపకముందే చూశాం కాబట్టి సరిపోయింది. పేర్లు కలిపి వెతకడం మానేశా, లైన్లో తేజ దొరికాక, అక్కడి నుంచి రేటు అంకె వచ్చేదాకా ఉన్న ముక్కని కోసి, ఆ ముక్కలో తాలు ఉందా అని విడిగా అడుగుతున్నా. మధ్యలో దీర్ఘం ఉన్నా, రెండు ఖాళీలున్నా, డాష్ ఉన్నా పట్టుకుంటుంది. "తాలు తేజ" అని ముందు రాసేవాళ్ళు కూడా ఉన్నారని బావ అన్నాడు, అందుకని ముందు రేటు అయిపోయిన చోటి నుంచి ఈ రేటు దాకా మొత్తం చూడటం మొదలుపెట్టా.

ఇంకోటి తేలనిది మిగిలింది. "ఇవాళ తేజ అమ్మకాలు లేవు", "తేజ సరుకు దిగలేదు" అని వస్తాయి. తేజ ఉంది, మాట అంచు సరిగ్గా ఉంది, తాలు లేదు, అన్ని పరీక్షలూ పాస్, కానీ చెప్తున్నది లేదని. లేదు, లేవు, దిగలేదు అని జాబితా పెడదామనుకున్నా, "తేజకి ఢోకా లేదు, రేటు గట్టిగా ఉంది" అని వెంటనే ఇంకో మెసేజీ వచ్చింది, అందులోనూ లేదు ఉంది. ముక్క వెతికి దీన్ని తేల్చలేం. అందుకని నేనూ బావా ఒక నిర్ణయానికి వచ్చాం, రేటు ఒక్కటీ కోసి పంపడం మానేసి, దొరికిన లైన్ ఎట్టా ఉందో అట్టా మొత్తం పంపుతాం, దాని కింద నేను కోసిన రేటు. రైతు చదువుకుంటాడు, లైన్‌కీ రేటుకీ పొంతన లేకపోతే బావకి ఫోన్ చేస్తాడు. ఫోన్లు తగ్గించడానికి మొదలుపెట్టిన పని కదా అని నేనంటే బావ, "తగ్గాయిగా రా, అన్నీ పోనక్కర్లా" అన్నాడు.

సాయంత్రం మార్పులన్నీ పెట్టి 200 లైన్ల పరీక్ష మళ్ళీ నడిపా. గురువారం బాబాయ్‌కి వెళ్ళిన ఆ లైన్‌ని అందులో మొట్టమొదటి లైన్‌గా పెట్టుకున్నా, ఇకముందు ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ముందు దాన్ని దాటాలి. పెళ్ళి నుంచి బాబాయ్ ఇవాళ కూడా రాలేకపోయాడు, ఆయనకి ఒక్కడికే ముందుగా పంపా, పూర్తి లైన్, కింద రేటు. పావుగంటకి ఫోన్ చేశాడు.

"ఏరా, ఇది తాలుది కాదుగా?"

"కాదు బాబాయ్, పైన లైన్ ఉంది చూడు, తేజ డీలక్స్ అని."

ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చదువుకుంటున్నట్టుంది, కాసేపు ఏమీ వినపడలా. తర్వాత, "ఆఁ, ఉంది ఉంది, చూశా. రేపు తెల్లారి ఆటో మాట్లాడుతున్నా, ఇరవై టిక్కీలు, మీ బావకి చెప్పు" అన్నాడు.